ఆరుద్ర పురుగు కీటకమేనా?

సందేహం: తొలకరికి నేలమీద కనిపించే ఆరుద్ర పురుగును ఒక వ్యాసంలో ‘ఆరుద్ర కీటకం’ అన్నారు. ఇది సరైనదేనా? ఇంద్రగోపం అన్నా ఇదేనా?

సమాధానం: ‘పురుగు’ మన సొంత మాట. పాత రూపం పురువు. తమిళంలో పుళు, కన్నడంలో హుళు దీని తోబుట్టువులు. మేడిపండులో ఉండేదీ, బియ్యానికి పట్టేదీ పురుగే. ‘కీటకం’ మాత్రం జంతుశాస్త్రం చేతికి వెళ్లాక ఆరు కాళ్ల జీవులకు కట్టుబడింది. ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు. సాలీడు, తేలు దీని దాయాదులు. పైర్లను పట్టే ఎర్రనల్లి దగ్గరి చుట్టం. ఈ ఎనిమిది కాళ్ల నల్లుల జాతి శిలాజాలు స్కాట్లాండ్‌లోని రైనీ రాళ్లలో దొరికాయి. వాటి వయసు సుమారు 40 కోట్ల ఏళ్లు. వంశక్రమం చూస్తే కీటకమైన ఈగకు ఈ సాలీడు వర్గంకన్నా రొయ్యే దగ్గర! ఇంత చరిత్ర ఉన్న ప్రాణికి, సంస్కృతపదమైతే గౌరవమనుకుని, కీటకమని పేరు మార్చడం ఏం పద్ధతి? అయితే ఒక చిక్కుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లే. అది మిడతల వంటివాటిని పట్టుకుని పీల్చి బతుకుతుంది; పెరిగాకే ఎనిమిది కాళ్లు.

ఇక ఇంద్రగోపం. సమాసాన్ని విడదీస్తే, ఇంద్రుడు రక్షకుడుగా కలది అని విగ్రహవాక్యం. వానదేవుడి అండ ఉన్నది. ‘ఇంద్రగోప పరిక్షిప్త స్మరతూణాభ జంఘికా’ అని లలితా సహస్రనామం ఇంటింటా చదువుతాం. ఇంద్రగోపాలు పొదిగిన మన్మథుడి అమ్ములపొదిలాంటి పిక్కలు కలది అని భావం. ఇక్కడ ఇంద్రగోపానికి కొందరు మిణుగురని అర్థం చెబుతున్నారు. నాకది రుచించదు. ఋతుసంహారంలో వర్షర్తువును వర్ణిస్తూ కాళిదాసు ‘శుక్లేతర రత్నభూషితా వరాంగనేవ క్షితిరింద్రగోపకైః’ అన్నాడు. తెల్లనివి కాని రత్నాలు తొడిగిన సుందరిలా భూమి మెరుస్తోందట, ఇంద్రగోపాలతో. కొత్త పచ్చిక మొలిచిన నేలమీద రంగు రత్నాల్లా ఉండేది మిణుగురెలా అవుతుంది? వాన వెలిశాక తడిమట్టిమీద నెమ్మదిగా నడిచే ఈ మఖమలు బొట్టును చూసిన కన్నే ఆ పోలిక పట్టింది.

ఆర్ద్ర తద్భవమే ఆరుద్ర. ఆర్ద్రమంటే తడి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. పురుగుకు పేరు అక్కడిదే.

కనుక ‘పురుగు’ అనే రాయండి. కావ్యంలో కీటకమన్నా నేను ఆక్షేపించను. శాస్త్రవ్యాసంలో అది తప్పు. ఇంద్రగోపం కనబడ్డ ప్రతిచోటా ఇదేనని మాత్రం పట్టుపట్టను, సందర్భం చూసి నిర్ణయించుకోవాలి.