సదస్సుకి విశాఖ వెళ్తున్నారా? ముందు హాలెక్కడో అడగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖపట్నంలో జరిగే సదస్సులకు వెళ్లేవాళ్లవి, సదస్సులు పెట్టేవాళ్లవి. కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: డిసెంబర్ 10, 11 తేదీల్లో ఆంధ్రా యూనివర్సిటీలో జరిగే సదస్సులో పత్రం చదవాలి. ఏ రైలు పట్టుకోవాలి? గది ఎక్కడ తీసుకోవాలి? సముద్రం కనిపించే గదైతే ఇంకా సంతోషం.
*– పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్*

సముద్రం సంగతి చివర్న చూద్దాం. ముందు నిర్వాహకులకి ఫోన్ చేసి హాలు పేరు, అది ఏ గేటు దగ్గరో అడగండి. 'ఏయూలో' అంటే చాలదు. ఆర్ట్స్ కాలేజీ వైపు సౌత్ క్యాంపస్ అయితే సిరిపురం, చినవాల్తేరు దగ్గర. వైవీఎస్ మూర్తి ఆడిటోరియం లాంటివి ఇంజినీరింగ్ కాలేజీ వైపు నార్త్ క్యాంపస్‌లో ఉంటాయి, దానికి మద్దిలపాలెం వైపు నుంచి వెళ్లడం తేలిక. ఆటో అతనికి ఏ గేటో చెప్పకపోతే ఒకచోట దించుతాడు, మీ హాలు ఇంకోచోట ఉంటుంది. ఇస్త్రీ చీరతో, లాప్‌టాప్ సంచితో క్యాంపస్ అంతా నడవాల్సి వస్తుంది.

ఇక రైలు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. 9వ తేదీ రాత్రి ప్రయాణానికి అక్టోబర్ 10 ఉదయం 8 గంటలకి, 11వ తేదీ తిరుగు ప్రయాణానికి అక్టోబర్ 12న టికెట్లు మొదలవుతాయి. తెరిచిన వెంటనే కొనాలంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ అయ్యుండాలి. ఆ పని ఆ రోజు పొద్దున పెట్టుకుంటే ఓటీపీ వచ్చేలోపు బెర్తులు అయిపోతాయి, వారం ముందే చేసుకోండి.

వెళ్లేటప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్ మంచిది. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటారు. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బయల్దేరే వందేభారత్ సుఖమే కానీ రాత్రి 11 దాటాక దించుతుంది. అంటే టికెట్‌తో పాటు ఒక రాత్రి గది అద్దె కూడా అదనం.

తిరుగు ప్రయాణంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. గోదావరి విశాఖలో సాయంత్రం 5 దాటిన కాసేపటికే కదిలిపోతుంది. మన సదస్సుల్లో ముగింపు సభ 3 గంటలకని వేస్తారు, 4 గంటలకి మొదలవుతుంది, సర్టిఫికెట్లు ఆ తర్వాత పంచుతారు. సర్టిఫికెట్ వదులుకోవాలా, రైలు వదులుకోవాలా అన్న పరిస్థితి తెచ్చుకోకుండా రాత్రి 8 దాటాక బయల్దేరే గరీబ్‌రథ్ లాంటిది చూడండి. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. విశాఖలోనే బయల్దేరే రైలుకి మీకు వచ్చేది జనరల్ వెయిటింగ్ లిస్టు, ఖరారయ్యే అవకాశం ఎక్కువ. హౌరా, భువనేశ్వర్ల నుంచి వచ్చే బండికి విశాఖలో కోటా చిన్నది. అక్కడ రిమోట్ లొకేషన్ (దారి మధ్యలోని స్టేషన్ల కోటా) కింద వెయిటింగ్ 15 ఉన్నా నమ్మకం పెట్టుకోవద్దు. హైదరాబాద్ వైపు దిగే స్టేషన్ కూడా టికెట్ మీద చూసుకోండి. నాంపల్లి, సికింద్రాబాద్, చర్లపల్లి, లింగంపల్లి – బండిని బట్టి మారుతుంది.

గది విషయంలో అద్దె కన్నా ముందు అడగాల్సింది చెక్-అవుట్ పద్ధతి. మీరు దిగేది పొద్దున్నే ఆరింటి ప్రాంతంలో. మధ్యాహ్నం 12 పద్ధతి పాటించే హోటల్ అయితే ఆ వేళకి గది ఇవ్వరు, ఇస్తే ముందు రోజు అద్దె కూడా బిల్లులో వేస్తారు. అప్పుడు 9 మధ్యాహ్నం నుంచి 11 మధ్యాహ్నం వరకు రెండు రోజుల అద్దె, 11న పన్నెండింటికి సామాను బయట. అదే 24 గంటల పద్ధతి లాడ్జి అయితే 10 పొద్దున ఆరు నుంచి 12 పొద్దున ఆరు దాకా అవే రెండు రోజుల అద్దె. సాయంత్రం సభ అయ్యాక వచ్చి స్నానం చేసి రైలెక్కొచ్చు. ఆర్టీసీ కాంప్లెక్స్, ద్వారకానగర్, డాబాగార్డెన్స్ చుట్టుపక్కల లాడ్జీల్లో ఈ పద్ధతి ఇంకా కనిపిస్తుంది. అయినా 'ట్వంటీఫోర్ అవర్సేనా?' అని అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి. యాప్‌లో 12 అని, కౌంటర్లో 24 అని ఉండే చోట్లు ఉన్నాయి, దానికి తలకిందులుగా ఉండేవీ ఉన్నాయి.

ఆ ప్రాంతం నుంచి స్టేషన్ దగ్గర, ఏయూ కూడా నాలుగైదు కిలోమీటర్ల లోపే. రుషికొండలో సముద్రం ఎదురుగా గది బాగుంటుంది కానీ స్టేషన్‌కి సుమారు 15 కిలోమీటర్లు. సదస్సు గీతం యూనివర్సిటీలోనో, రుషికొండ రిసార్టులోనో అయితే అక్కడే దిగండి. ఏయూ సదస్సుకి అక్కడ దిగితే రోజూ పోను రాను ఆటో ఖర్చు, పొద్దున్నే పరుగులు. సముద్రాన్ని సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లి చూడండి, డబ్బులు అడగదు.

ప్రశ్న: బెంగళూరు నుంచి వచ్చే మా అతిథికి టికెట్ దువ్వాడ వరకే దొరికింది. ఊరికి దూరమా?
*– అధ్యాపకుడు, విజయనగరం*

సుమారు 17 కిలోమీటర్లు. కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ మీదుగా ఊళ్లోకి రావాలి. పొద్దున, సాయంత్రం ఆ దారిలో లారీలు, ఫ్యాక్టరీ బస్సులు ఉంటాయి కాబట్టి గంట వేసుకోండి.

విజయవాడ నుంచి హౌరా వైపు పోయే బండి విశాఖ స్టేషన్లోకి వస్తే వెనక్కి తిరిగి వెళ్లాలి. ఇంజను అటు నుంచి ఇటు మార్చడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. అందుకని కొన్ని దూరప్రాంత రైళ్లు స్టేషన్‌కి రాకుండా దువ్వాడ నుంచి పక్క లైన్లో పోతాయి. టికెట్లో దువ్వాడ తర్వాత విజయనగరం ఉండి మధ్యలో విశాఖ లేకపోతే అది అలాంటి బండే. మీ సదస్సు గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపయితే నిజానికి దువ్వాడే నయం.

విశాఖ స్టేషన్లోనే దిగేవాళ్లకి ఒక మాట: ఒకటో ప్లాట్‌ఫామ్ వైపు ప్రధాన ద్వారం ఊళ్లోకి, రెండో పక్కది జ్ఞానాపురం వైపు. కారు పంపేవాళ్లు ఏ వైపో చెప్పకపోతే అతిథి ఒక వైపు, డ్రైవరు ఇంకో వైపు.

ప్రశ్న: మా కాలేజీ తరఫున 150 మందితో సదస్సు పెడుతున్నాం. బయటి ఊళ్ల నుంచి 90 మంది. గదులు ఎన్ని, ఎలా మాట్లాడుకోవాలి?
*– సదస్సు కన్వీనర్, విశాఖపట్నం*

90ని రెండుతో భాగించి 45 అనుకోకండి. పురుషులు 53, స్త్రీలు 37 అనుకుంటే రెండూ బేసి సంఖ్యలే, 27, 19 కలిపి 46 అవుతాయి. వక్తలు ఆరుగురికి విడి గదులు, కుటుంబంతో వచ్చేవాళ్లకి మూడు. 55 అనుకుని మాట్లాడండి. కానీ 55కీ అడ్వాన్సు కట్టొద్దు. 40 ఖాయం చేసి, మిగతా 15 'ఫలానా తేదీ వరకు మాకే, తర్వాత వదిలేయొచ్చు' అని ఒప్పంద పత్రంలో రాయించండి. సదస్సుకి పది రోజుల ముందు తేదీ పెట్టుకుంటే సరిపోతుంది, అప్పటికి ఎవరు వస్తారో తేలుతుంది. అదే పత్రంలో పొద్దున్నే వచ్చేవాళ్లకి గది ఎన్నింటికి ఇస్తారు, పన్ను కలిపిన అద్దె ఎంత, టిఫిన్ ఎన్నింటికి మొదలు, కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా లేక లైటూ ఫ్యానేనా అన్నవి ఉండాలి. చివరిది అడగడానికి మొహమాటపడతారు, డబుల్ గదిలో ఇద్దరు ప్రొఫెసర్లు చెమటలు కక్కాక ఫోన్ మీకే వస్తుంది.

గదుల జాబితాలో పేరు, ఫోన్, రైలు లేక విమానం నంబరు, చేరే వేళ, ఎవరితో గది, తిరుగు ప్రయాణం వేళ తప్పనిసరి. ఒరిజినల్ గుర్తింపు కార్డు తెచ్చుకోమని ఉత్తరంలోనే రాయండి. ముక్కూ మొహం తెలియని ఇద్దర్ని ఒకే గదిలో వేస్తుంటే ముందే చెప్పండి. కౌంటర్ దగ్గర తెలిస్తే గొడవవుతుంది, వాళ్ల తప్పు కూడా కాదు.

బస్సు లెక్క ఇంకో చిక్కు. 50 సీట్ల బస్సు ఒకటి, 90 మంది అంటే రెండు ట్రిప్పులు. ఎక్కించుకోవడం, నాలుగు కిలోమీటర్లు పోవడం, దించడం, ఖాళీగా తిరిగి రావడం కలిపి ఒక్కో చుట్టుకి గంట. 9.30కి ప్రారంభ సభ ఉంటే మొదటి బస్సు 7.45కే కదలాలి. టిఫిన్ 7.30కి మొదలయ్యే హోటల్లో ఇది జరిగే పని కాదు. రెండు బస్సులు పెట్టడమో, నడిచే దూరంలో సగం గదులు తీసుకోవడమో చేయండి. బీచ్ రోడ్డులో కొంత భాగం తెల్లవారుజామున నడకకి వచ్చేవాళ్ల కోసం మూసేస్తారు, వక్తని ఆ వేళ స్టేషన్ నుంచి తెచ్చే డ్రైవర్‌కి వెనక దారి తెలియాలి.

తేదీలు ఇంకా ఖరారు కాకపోతే ముందు పంచాంగం తీయండి. సింహాచలం చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియ నాడు. ఆషాఢ పౌర్ణమికి ముందు మొదలయ్యే గిరి ప్రదక్షిణ దాదాపు 32 కిలోమీటర్ల దారి. అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం అంతా జనమే. ఒక పక్క రుషికొండ రోడ్డు, ఇంకో పక్క పాత విమానాశ్రయం దారి రెండూ తగుల్తాయి. ఆ రెండు రోజులూ వదిలేయండి. దసరా సెలవులకి బెంగాల్ నుంచి, క్రిస్మస్ మొదలు సంక్రాంతి దాకా అన్ని వైపుల నుంచీ అరకు చూడటానికి వచ్చేవాళ్లతో గదులు నిండి, అద్దెలు పెరుగుతాయి. విమానంలో వచ్చే వక్తలుంటే టికెట్ మీద విమానాశ్రయం పేరు చూసి కారు మాట్లాడండి. నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగా దగ్గరి పాతది ఊరికి సుమారు 12 కిలోమీటర్లు, విజయనగరం జిల్లా భోగాపురం సుమారు 45.

ప్రశ్న: కిందటిసారి హోటల్ బిల్లు సరిగా లేదని టీఏ (ప్రయాణ భత్యం) సెక్షన్ తిప్పి పంపింది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
*– అసిస్టెంట్ ప్రొఫెసర్, కర్నూలు*

యాప్ పంపే వోచర్ బిల్లు కాదు. హోటల్ పేరు, జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ ఉన్న అసలు బిల్లు కావాలి. యాప్‌లో డబ్బు కట్టేస్తే కొన్నిచోట్ల 'బిల్లు వాళ్లే ఇస్తారు' అంటారు, గదిలోకి వెళ్లకముందే అడగండి. రైలు పట్టుకునే తొందరలో ఈ వాదన గెలవలేరు. భోజనం విడి వరుసలో వేయమనండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం, పైన 18 శాతం. 2,800 గది రెండు రోజులకి 5,600, పన్ను 280, మొత్తం 5,880. ఇంకా 12 శాతం వేసిన బిల్లు ఇస్తే అక్కడే దిద్దించండి.

కేంద్ర ప్రభుత్వ సంస్థల వాళ్లకి విమానం టికెట్ విషయంలో ఇంకో కట్టుబాటు ఉంది. బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ – ఈ మూడింటిలోనే, వీలైతే 21 రోజుల ముందు, మీరు ఎంచుకున్న మూడు గంటల వ్యవధిలో అన్నిటికన్నా చవక టికెట్ కొనాలి. కొన్ననాటి ధరల పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. బోర్డింగ్ పాస్ ఫోన్లో మాత్రమే ఉంచుకోవద్దు.

ప్రశ్న: అక్టోబర్ చివర్లో సదస్సు. తుపాను వస్తే?
*– పరిశోధకుడు, తిరుపతి*

వార్తల్లో అల్పపీడనం అన్నంత మాత్రాన టికెట్ రద్దు చేయకండి. వాయుగుండం అన్నప్పటి నుంచి రోజుకి రెండుసార్లు బులెటిన్ చూడండి. తుపాను విశాఖ మీదికే రానక్కర్లేదు. 2025 అక్టోబర్ 28న మొంథా కాకినాడకి దిగువన తీరం దాటితే విశాఖ రైళ్లు, విమానాలు పెద్ద ఎత్తున రద్దయ్యాయి. విశాఖ, రాజమండ్రిల మధ్య పట్టాల మీద ఎక్కడ నీళ్లు చేరినా మీ బండి ఆగుతుంది.

రైలు వాళ్లే రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు మొత్తం దానంతటదే వస్తుంది. మీరు ఎక్కే స్టేషన్లో 3 గంటలకి మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే బండి కదిలేలోపే టీడీఆర్ (డబ్బు వెనక్కి ఇమ్మనే దరఖాస్తు) వేయాలి, ఆ తర్వాత వేస్తే రాదు. తొందరపడి ముందే మీరు రద్దు చేస్తే కోత పడుతుంది. హోటల్‌కి నాలుగైదు వందలు ఎక్కువైనా రద్దుకి వీలున్న గదే ఈ నెలల్లో తీసుకోండి. పత్రం ఆన్‌లైన్‌లో చదవనిస్తారా అని ఇప్పుడే మెయిల్లో అడిగి పెట్టుకోండి.

ఊళ్లో ఉండగా వస్తే చేతిలో రెండు మూడు వేలు నోట్లు ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక కరెంటు, ఫోన్ సిగ్నళ్లు రోజుల తరబడి లేవు. సిగ్నల్ లేకపోతే క్యూఆర్ కోడ్ ఉన్నా ఉపయోగం లేదు.

ప్రశ్న: తెలుగు పోస్టర్ ఇంటి దగ్గర ప్రింటు తీసి తీసుకెళ్లాలా?
*– పరిశోధక విద్యార్థి, గుంటూరు*

ఏ0 సైజు 84 సెంటీమీటర్లు, 119 సెంటీమీటర్లు. కాగితం అయితే సముద్రపు తేమకి సాయంత్రానికి అంచులు చుట్టుకుంటాయి. బట్ట మీద వేయించి మడిచి సంచిలో పెట్టుకోండి. అక్కడే వేయించేట్టయితే పీడీఎఫ్‌లో ఫాంట్లు పొందుపరచడం మరవొద్దు, లేకపోతే 'క్ష్మ' కాస్తా మూడు ముక్కలై గోడెక్కుతుంది.

ప్రశ్న: ఒంటరిగా వస్తున్నాను, రైలు నాలుగింటికే చేరుతుంది.
*– ఉపాధ్యాయిని, నెల్లూరు*

వెలుతురు వచ్చేదాకా స్టేషన్లోనే ఉండండి. పీఎన్ఆర్ మీద రిటైరింగ్ రూమ్ ముందే తీసుకోవచ్చు, స్లీపింగ్ పాడ్లు కూడా వచ్చాయి. తర్వాత సిటీ బస్సు ఎక్కితే ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్ ఆధార్ చూపించి ఉచితంగా వెళ్లొచ్చు.

ప్రశ్న: రెండో రోజు మధ్యాహ్నం ఖాళీ. అరకు చూసి రావచ్చా?
*– లెక్చరర్, ఖమ్మం*

కుదరదు. అరకు రైలు పొద్దున ఏడింటి ప్రాంతంలో బయల్దేరుతుంది, రోడ్డు మీదైనా సుమారు 115 కిలోమీటర్లు, అందులో కొంత ఘాట్ దారి. ఆ పూటకి ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా టీయూ-142 విమానం చూడండి. జలాంతర్గామి మ్యూజియానికి సోమవారం సెలవు.