హెపటైటిస్ బి ఉన్నవాళ్లు మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించుకోవాలా? వాడే మాత్ర ఆపొచ్చా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి హెపటైటిస్ బి, టెనోఫోవిర్ వాడుతున్నారు. ఒక ల్యాబ్ వాళ్లు మైక్రోఆర్‌ఎన్‌ఏ (కణాల్లో జన్యువుల పనిని అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క) పరీక్ష చేయించమన్నారు. హెపటైటిస్ సికి మైక్రోఆర్‌ఎన్‌ఏ ఇంజెక్షన్ పనిచేసిందని చదివారు, బికి కూడా వచ్చేదాకా మాత్ర ఆపి చూద్దామా అని.

ముందు మాత్ర సంగతి. డాక్టరు చెప్పకుండా ఆపకండి. టెనోఫోవిర్ ఉన్నట్టుండి మానేస్తే వైరస్ విజృంభించి లివర్ దెబ్బతినొచ్చు. సిరోసిస్ (లివర్ గట్టిపడిపోవడం) ఉంటే ప్రాణాల మీదకే వస్తుంది.

నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో కొంతకాలం లివర్ రోగుల సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో) మిర్-122 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏని ఆర్‌టీ-పీసీఆర్ మీద కొలిచాను. లివర్‌లో ఉండే మైక్రోఆర్‌ఎన్‌ఏల్లో దాదాపు 70 శాతం ఇదొక్కటే. లివర్ కణాలు చనిపోతే రక్తంలోకి కారుతుంది కాబట్టి మా గ్రాఫుల్లో జబ్బు ఉన్నవాళ్లు ఇట్టే తెలిసిపోయేవారు. ఆ జబ్బు ఏమిటన్నది మాత్రం తెలిసేది కాదు. వైరస్ వల్లయినా, పారాసిటమాల్ ఎక్కువ మింగినా, అంకె పెరుగుతుంది. అంతమాత్రం చెప్పడానికి చవగ్గా ఎస్‌జీపీటీ అనే మామూలు లివర్ రక్తపరీక్ష ఉండనే ఉంది.

పైగా శాంపిల్‌తో తలనొప్పి. సిరంజి గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలి సీరం గులాబీ రంగులోకి తిరిగేది. పోలికకి మేం వాడిన మిర్-16 అనే మరో మైక్రోఆర్‌ఎన్‌ఏ ఎర్రకణాల్లో బోలెడంత ఉంటుంది. అది బయటికొచ్చి కలిస్తే, మిర్-122 నిజంగా ఎక్కువున్నా లెక్కలో తక్కువగా తేలేది. అందుకే అలాంటి ట్యూబులు పక్కన పెట్టేసేవాళ్లం. ఇన్నుంటే నార్మల్ అని అన్ని ల్యాబులూ ఒప్పుకున్న హద్దు కూడా లేదు. మీకు రిపోర్టు ఇస్తారు సరే, దాన్నిబట్టి మందు మార్చే డాక్టరు దొరకడు.

ఇక ఇంజెక్షన్. హెపటైటిస్ సి వైరస్‌కి మిర్-122 కావాలని 2005లో స్టాన్‌ఫర్డ్‌లో పీటర్ సార్నో బృందం చూపించింది. ఎండలో తలకి తుండుగుడ్డ చుట్టుకున్నట్టు, ఆ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏ మొదటి కొసకి మిర్-122ని చుట్టుకుని కణంలోని ఎంజైములు కొరికేయకుండా కాచుకుంటుంది. డెన్మార్క్ కంపెనీ శాంటారిస్ తయారుచేసిన మిరావిర్సెన్ ఆ మిర్-122నే కట్టేస్తుంది. 36 మంది మీద చేసిన ట్రయల్ ఫలితం 2013లో వచ్చింది: వైరస్ బాగా తగ్గింది, ఎక్కువ మోతాదు తీసుకున్న 9 మందిలో నలుగురికి ఒక దశలో అసలు కనపడలేదు. నిజంగా అందమైన ఆలోచన. కానీ అదే ఏడాది చివర్లో అమెరికాలో హెపటైటిస్ సి మాత్ర సోఫోస్‌బువిర్‌కి అనుమతి వచ్చింది, 2015లో మన హైదరాబాద్ నాట్కోయే జెనెరిక్ తెచ్చింది. మాత్రలతో 12 వారాల్లో నయమవుతుంటే ఇంజెక్షన్ ఎవరికి కావాలి? అదే దారిలో వచ్చిన ఆర్‌జీ-101 అనే మందు తీసుకున్నవాళ్లలో కామెర్లు కనపడడంతో 2016లో దానికి బ్రేకు పడింది.

బి దగ్గరికొస్తే కథ అడ్డం తిరుగుతుంది. బి వైరస్ పెరగకుండా మిర్-122 అడ్డుపడుతుందని ల్యాబ్ ప్రయోగాలు చెబుతున్నాయి. సిలో లాగా దాన్ని కట్టేస్తే మనకే నష్టం. అసలు మిర్-122 లేకుండా పుట్టించిన ఎలుకలకి ఫ్యాటీ లివర్, తర్వాత లివర్ క్యాన్సర్ వచ్చాయి.

ఆ పరీక్ష డబ్బుతో హెచ్‌బీవీ డీఎన్‌ఏ (రక్తంలో బి వైరస్ ఎంతుందో చెప్పేది), ఎస్‌జీపీటీ, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) చేయించండి. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ అవసరమేమో డాక్టరుని అడగండి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం, కనుక్కోండి. మీరు, అమ్మగారు, తోబుట్టువులు హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించుకున్నారా? లేకపోతే ఈ వారమే చేయించుకుని, నెగెటివ్ వచ్చినవాళ్లు టీకా సంగతి డాక్టరుతో మాట్లాడండి.