ఆయన్ని మార్చే పని నీది కాదు

నాయనా,

నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మీ ఆఫీసులో ఆ సహోద్యోగి గురించి చెబుతూ "ఆయన ఉన్నంతకాలం నేనక్కడ పనిచేయలేను పెద్దమ్మా" అన్నావు. 31 ఏళ్లు లెక్కల విభాగంలో పనిచేసినదాన్ని, ఆ మాట నేనూ అన్నాను. ఫోనులో చెబితే సగమే చెబుతానని ఇలా కూర్చుని రాస్తున్నాను.

నేను చేరిన రెండో ఏడు మా విభాగంలో ఒక సీనియర్ ఉండేవారు. నా పద్దుల్లో తప్పు దొరికితే చాలు, గది చివరిదాకా వినపడేలా చదివేవారు. ఆరు నెలలు ఆయన మీద కోపంతోనే గడిపాను. ఆయన అడుగుల చప్పుడు వింటేనే చెయ్యి వణికేది, ఆ వణుకులో మరో రెండు తప్పులు దొర్లేవి. చివరికి ఒక నెలాఖరున, పద్దులు పైకి పంపడానికి ముందురోజే ఆయన బల్ల దగ్గరికి వెళ్లాను. "రేపు పంపాలండీ. మీ కంటికి ఏమైనా కనబడితే ఇప్పుడే చెప్పండి" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. పెన్సిలు మొనను ఒక్కో అంకె మీదుగా దించుకుంటూ వచ్చి, ఒకచోట ఆపి, పక్కన చిన్న చుక్క పెట్టారు. 69 రాయవలసిన చోట నేను 96 రాశాను. "మొత్తంలో తేడా 27 వచ్చింది కదా. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే ముందు అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి" అన్నారు, మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా. పదవీ విరమణ చేసే రోజుదాకా ఆ కిటుకు నాకు పనికొచ్చింది. ఎవరో చేసిన తప్పు ఒకప్పుడు ఆయన నెత్తిన పడిందని చాలాకాలం తర్వాత తెలిసింది.

ఆయన నన్ను ఎన్నడూ మెచ్చుకోలేదు. కానీ ముందే చూపించిన పద్దును మళ్లీ పైకి చదవలేదు. నాకు కావలసింది అంతే.

ఎదుటివారు విసుక్కుంటే అది వాళ్ల బుద్ధి అనేస్తాం, వాళ్ల మీదున్న ఒత్తిడిని లెక్కలోకి తీసుకోం. 1977లో లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పొరపాటుకు ఒక పేరు కూడా పెట్టాడు. అలాగని అందరూ లోపల వెన్నపూసలేనని నేను చెప్పను. కొందరి స్వభావమే అంత, వాళ్లను మార్చబోతే నీ ఆయుష్షు కరిగిపోతుంది.

అందుకే ఒక కాగితం తీసుకో. ఆయన వల్ల నీ పని సరిగ్గా ఎక్కడ ఆగుతోందో రాయి. 'అహంకారి' అని రాయకు, దానికి మందు లేదు. 'గురువారం ఇవ్వవలసిన వివరాలు శుక్రవారం సాయంత్రం ఇస్తున్నారు' అని రాయి, దానికి దారి దొరుకుతుంది. ఆయన దగ్గరికి ఒంటరిగా వెళ్లు, నలుగురిలో అడగకు. "మీ వివరాలు ఎప్పుడు చేతికొస్తే నేను సమయానికి ముగించగలనో ఒకసారి చూద్దామా" అని అడుగు. ఒప్పుకున్నది ఆ పూటే రెండు వాక్యాల్లో మెయిల్ పెట్టు. ఇది అపనమ్మకం అనుకోకు. నోటిమాట ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది. నీ పనిని తన ఖాతాలో వేసుకునేవారి విషయంలోనూ ఇదే పద్ధతి: ఎంతవరకు అయిందో వారానికోసారి నువ్వే మీ అధికారికి రాస్తూ ఉండు.

చాడీలు వింటున్నప్పుడు తల ఊపకు, అంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఇక నీ పని సంగతి. గొడవ పది నిమిషాలే జరుగుతుంది, మనసు మాత్రం పూటంతా అక్కడే తిరుగుతుంది. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళితే ధ్యాస కొంత మొదటిదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాసింది. నాకైతే చదవకముందే అనుభవంలో ఉన్న విషయం. ఎవరైనా పిలిస్తే లేచేముందు, ఎక్కడ ఆపానో, తర్వాత ఏం చేయాలో ఒక్క ముక్క రాసి పెట్టుకునేదాన్ని. తిరిగి వచ్చాక ఆ ముక్కే నన్ను పనిలో కూర్చోబెట్టేది. కష్టమైన పనిని పొద్దున, ఎవరితోనూ మాట పెరగకముందే చేసేయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. తిట్టడం, బెదిరించడం, అవమానించడం మొదలైతే ఈ ఓర్పు కబుర్లన్నీ పక్కన పెట్టు. తేదీ, సమయం, అన్న మాట, అక్కడెవరున్నారో రాసుకుని పై అధికారులకు రాతపూర్వకంగా ఇవ్వు. అలాంటిది మౌనంగా భరించమని ఏ పెద్దవాళ్లు చెప్పినా వినకు, నేను చెప్పినా సరే.

ఈ గురువారం ఆ కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లు. ఏమన్నారో ఆదివారం ఫోను చేసి చెప్పు, ఎదురుచూస్తూ ఉంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ