పాత కొరియా సినిమాల వెంట పడ్డావు కాబట్టి చెబుతున్నా

చిన్నీ,

కొరియా సీరియళ్లతో మొదలుపెట్టి 1960ల సినిమాల దాకా వచ్చావంటే ఎంత సంతోషమేసిందో! ఎక్కడ దొరుకుతాయి, దొరికినవి ఎలా దాచుకోవాలి అని అడిగావు కదా, నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు యూట్యూబ్‌లో 'కొరియన్ క్లాసిక్ ఫిల్మ్' ఛానెల్ తెరువు. సియోల్‌లో 1974లో పెట్టిన, పాత సినిమాలను భద్రపరిచే సంస్థ కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్లది అది. పాత సినిమాలు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో ఉచితంగా పెట్టారు. 'ద కోచ్‌మన్' (1961)తో మొదలుపెట్టు. గుర్రబ్బండి తోలే తండ్రి, పరీక్షల కోసం చదువుతూనే ఉండే పెద్దకొడుకు, చూస్తుంటే మన పక్కింటి కథలాగే ఉంటుంది. బెర్లిన్ సినిమా పండగలో బహుమతి కూడా వచ్చింది దానికి.

వెతికేటప్పుడు పేర్ల దగ్గరే అందరూ బోల్తా పడతారు. యూ హ్యున్-మోక్ తీసిన 'ఓబల్తాన్' (1961) ఒకచోట 'ఎయిమ్‌లెస్ బుల్లెట్', ఇంకోచోట 'స్ట్రే బుల్లెట్'. అందుకని ఆర్కైవ్ వాళ్ల డేటాబేస్ కేఎమ్‌డీబీలో సినిమా పేరు కొరియన్ లిపిలో కాపీ చేసుకుని దాంతోనే వెతుకు, పక్కన సంవత్సరం తప్పకుండా పెట్టు. కిమ్ కి-యంగ్ 'ద హౌస్‌మెయిడ్' 1960ది, 2010లో అదే పేరుతో వచ్చింది వేరే సినిమా.

ఆ 'హౌస్‌మెయిడ్' సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1982లో నెగటివ్ దొరికింది కానీ రెండు రీళ్లు లేవు. 1990లో ఒక పాత ప్రింటు బయటపడింది, దాని మీద ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు చేత్తో రాసి ఉన్నాయి, అక్షరాలు బొమ్మను బాగా కప్పేశాయి. అయినా ఆ రెండు రీళ్లకు దిక్కు అదొక్కటే. హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సేజీ పెట్టిన వరల్డ్ సినిమా ఫౌండేషన్ సాయంతో ఆ అక్షరాలను కంప్యూటర్ మీద తుడుచుకుంటూ వచ్చి 2008లో సినిమాను నిలబెట్టారు. చూస్తుంటే మధ్యలో బొమ్మ ఉన్నట్టుండి మెత్తబడుతుంది, నీ నెట్ స్లో అయిందనుకోకు, ఆ రీళ్లు వచ్చాయన్నమాట. 'ఓబల్తాన్' కూడా శాన్‌ఫ్రాన్సిస్కో సినిమా పండగకు పంపిన సబ్‌టైటిళ్ల ప్రింటు వల్లే బతికింది. అందుకే గీతలు పడిందని, సౌండ్ బాగాలేదని ఏ కాపీనీ అవతల పడెయ్యకు. పార్క్ నామ్-ఓక్ బిడ్డను వీపున కట్టుకుని తీసిన 'ద విడో' (1955) చివర్లో మాట వినబడదు, ముగింపే లేదు, అయినా చూడు.

పోయినవి ఎన్నో. నా ఉన్-గ్యు 'అరిరంగ్' (1926) లేదు, లీ మాన్-హీ 'లేట్ ఆటమ్' (1966) లేదు. ఒకప్పుడు పాత ప్రింట్లను కత్తిరించి గడ్డి టోపీల అంచుకు పట్టీలుగా వేసేవాళ్లట, చదివినప్పుడు నాకు అన్నం సహించలేదు. మన 'భక్త ప్రహ్లాద' (1932) కూడా ఇప్పుడు చూద్దామంటే లేదు కదా! కానీ 1934 నాటి మూకీ 'క్రాస్‌రోడ్స్ ఆఫ్ యూత్' 2007లో దొరికింది. కాబట్టి ఆశ వదులుకోవద్దు.

ఇక దాచుకోవడం. నా దగ్గర తెల్లగా బూజు పట్టిన వీడియో క్యాసెట్ ఒకటుండేది, చూడాలన్న ఆత్రంలో తుడవకుండా వీసీఆర్‌లో పెట్టాను, టేపు లోపల చుట్టుకుని పుటుక్కున తెగింది. ఆ సినిమా నాకు మళ్లీ దొరకలేదు. బూజు కనబడితే తెలిసినవాళ్లతో శుభ్రం చేయించి, ఒక్కసారే ప్లే చేయించి ఫైలుగా మార్పించు. ఫైలు పేరులో సినిమా, సంవత్సరం, దర్శకుడు, ఎక్కడిదో రాయి. రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి ఒకటి మీ ఇంట్లో, ఒకటి అమ్మమ్మ ఇంట్లో ఉంచు, ఏడాదికోసారి తెరిచి చూడు.

ఎప్పుడైనా ఫిల్ము రీలే చేతికొస్తే ప్రొజెక్టర్‌కి ఎక్కించకు. వెనిగర్ వాసన వస్తే అది కుళ్లడం మొదలైనట్టు, మిగతావాటికి దూరంగా పెట్టు. 1950ల ముందుదైతే నైట్రేట్ అనే పాత రకం ఫిల్ము కావచ్చు, అది ఇట్టే నిప్పంటుకుంటుంది, ఇంట్లో ఉంచుకోవద్దు. డబ్బా మీద చీటీ పీకకుండా ఫొటో తీసి ఆర్కైవ్‌కి రాయి.

సియోల్ వెళ్లే యోగం పడితే సాంగమ్-డాంగ్‌లో ఆర్కైవ్ వాళ్ల హాల్లో ఉచితంగా చూపిస్తారు, రెండు రోజులు దానికే ఉంచుకో. ఈలోగా 'హౌస్‌మెయిడ్' చూసి, అక్షరాలు తుడిచిన జాడ ఎక్కడ కనబడిందో ఎన్నో నిమిషమో రాసి పంపు.

మీ పెదనాన్న