మలేరియా హీట్ షాక్ ప్రోటీన్లతో టీకా ఎందుకు చేయలేదు?

మలేరియా పరాన్నజీవి హీట్ షాక్ ప్రోటీన్లకు మన ఒంట్లో ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) పుడుతున్నప్పుడు వాటితోనే టీకా ఎందుకు చేయలేదని అడిగారు. ప్రతిరక్షకాలు పుట్టడం వేరు, అవి మనిషిని కాపాడటం వేరు. ఏటూరునాగారం ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా రక్తపూతలు (గాజుపలక మీద పూసిన రక్తం) చూసిన కాలంలో ఈ తేడా నాకు బాగా తెలిసివచ్చింది.

దోమ ఒంట్లో సుమారు 25 డిగ్రీల దగ్గర పెరిగిన ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి, మనిషి రక్తంలో 37 డిగ్రీలను, చలిజ్వరం ముదిరితే 40 డిగ్రీలను తట్టుకోవాలి. ఆ వేడికి దాని ప్రోటీన్లు పాడవకుండా హెచ్‌ఎస్‌పీ 70, హెచ్‌ఎస్‌పీ 90 అనే హీట్ షాక్ ప్రోటీన్లు కాపు కాస్తాయి. మలేరియా ప్రాంతాల ప్రజల రక్తంలోని ప్రతిరక్షకాలు గుర్తుపట్టిన ఒక పరాన్నజీవి ప్రోటీన్ (యాంటిజెన్), పండ్ల ఈగలోని హెచ్‌ఎస్‌పీ 70ని పోలి ఉందని 1986లోనే తేలింది. అయితే అది ఎక్కువగా పరాన్నజీవి లోపలే ఉంటుంది కనుక ప్రతిరక్షకాలు దానిని అందుకోలేవు. దాదాపు 48 గంటలకొకసారి పరాన్నజీవి ఉన్న ఎర్ర రక్తకణాలు పగిలినప్పుడు బయటపడి మన రోగనిరోధక వ్యవస్థ కంట పడుతుంది. పైగా అది మనిషి హెచ్‌ఎస్‌పీ 70ని చాలావరకు పోలి ఉంటుంది కాబట్టి, టీకాగా ఇస్తే మన సొంత కణాల మీదికే దాడి మళ్లుతుందేమోనన్న భయం కూడా ఉంది.

ఒకసారి ఒక కోయగూడెం నుంచి ఒక తండ్రి జ్వరంతో ఉన్న కూతురిని తీసుకొని వచ్చాడు. పట్నంలో ఒక ప్రైవేటు ల్యాబ్ ప్రతిరక్షకాల పరీక్ష చేసి మలేరియా అని రాసిచ్చిందట, సూదులు కూడా వేశారట. "పోయిన వానకాలంల గోలీలన్నీ మింగింది గదా సారూ, మళ్ల గదే రోగమెట్లొచ్చింది?" అని ఆయన అడిగాడు. నేను మందంగా పూసిన రక్తపూతను ఎంతో సేపు వెతికినా ఒక్క పరాన్నజీవి కనబడలేదు. ఆ జ్వరానికి కారణం వేరే ఉందని తరువాత డాక్టరు గారు తేల్చారు. ఆ పిల్ల రక్తంలో ఉన్నవి నిరుటి మలేరియా మిగిల్చిన ప్రతిరక్షకాలే. సూక్ష్మదర్శిని ముందు కాసేపు కూర్చునే ఓపిక లేక ఇలాంటి కాగితాలు రాసిచ్చి పేదవాళ్ల డబ్బు ఖర్చు చేయించడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆర్‌టీఎస్‌,ఎస్‌ను, 2023లో ఆర్‌21ను సిఫారసు చేసింది. ఈ రెండు టీకాలూ దోమ కుట్టగానే లోపలికి వచ్చే స్పోరోజాయిట్ల (పరాన్నజీవి తొలి రూపం) పైపొర ప్రోటీన్ మీద ఆధారపడ్డాయి; పైన ఉంది కాబట్టే ప్రతిరక్షకాలు దానిని పట్టుకోగలవు. హీట్ షాక్ ప్రోటీన్లకు తగిన ఆయుధం మందే తప్ప టీకా కాదని నా గట్టి నమ్మకం. హెచ్‌ఎస్‌పీ 90ని అడ్డుకుంటే ఫాల్సిపారం పెరుగుదల ఆగిపోతుందని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు 2003లోనే చూపించారు. మన డబ్బు, మన పరిశోధన ఆ దారిలో ఇంకా ఎక్కువగా సాగాలి.