చిన్నోడి పేరున ట్రస్టు పెడుతున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు పంపిన నాలుగు పేజీల ప్లాన్ రెండుసార్లు చదివాను. మొదటిసారి పై వరసలో మనల్ని విడిచి వెళ్లిపోయిన చిన్నోడి పేరు చూసి అక్కడే ఆగిపోయాను. మర్నాడు పొద్దున్నే పెన్ను పట్టుకుని మళ్లీ కూర్చున్నాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నాకూ గొంతు పట్టేస్తుంది, అసలు సంగతి ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను.

మనసు బాగోలేనివాళ్లకూ, కొత్తరకం బొమ్మలు వేసే పిల్లలకూ వాడి పేరున ఏదైనా చేయాలని నీకు అనిపించడం నాకు చాలా సంతోషం. మానుకోమని చెప్పడానికి రాయడం లేదు. ముప్పై ఒక్కేళ్లు ప్రభుత్వాసుపత్రిలో మందుల కిటికీ వెనకాల కూర్చున్నాను. రిటైరయ్యాక పన్నెండేళ్లు ఒక చిన్న ట్రస్టు జమాఖర్చులు రాశాను. ఆ రెండు చోట్లా చూసింది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను?

నీ ప్లాన్లో మొదటిది విజయనగరంలో అయ్యకోనేరు గట్టున మన ఇంట్లో పది మంచాల ఆశ్రమం. అది కొట్టేయమ్మా. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఇలాంటి రోగుల్ని ఉంచుకుని చూసే ఏ చోటైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టరు కావాలి. ఆ కాగితాలు ఎలాగో తెచ్చుకున్నా, రాత్రి రెండింటికి ఒక మనిషి తలుపు బాదుకుంటుంటే పక్కన కూర్చుని మాట్లాడగలిగే నర్సును ఎక్కణ్నుంచి తెస్తావు? 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి దగ్గర గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మంటల్లో పోయారు. ఆ రోజు పేపరు నేను దాచుకున్నాను. నేర్పున్న మనుషులు లేకుండా మంచాలు వేస్తామని ఎవరన్నా నాకు అదే గుర్తొస్తుంది.

మరి ఏం చేయాలి అంటావు. మందు ఆగకుండా చూడాలి. నేను చూసినంతలో మన జిల్లాల్లో ఎక్కువ కొంపలు మునిగేది అక్కడే.

శ్రీకాకుళంలో పనిచేసేటప్పుడు పలాస వైపు నుంచి ఒకాయన తమ్ముణ్ని తీసుకొచ్చేవాడు. తమ్ముడు జీడిపప్పు బట్టీలో పని. వేళ్ల చివర్లు జీడి రసానికి నల్లగా కాలిపోయి ఉండేవి. మందుల స్ట్రిప్పు ఇస్తే ఆ నల్ల బొటనవేలితో ఒక్కొక్క బిళ్ల మీదా నొక్కి లెక్కపెట్టుకునేవాడు, అన్నీ ఉన్నాయని తేలాకే చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఆరు నెలల్లో మనిషి తేటపడ్డాడు. నన్ను పేరు పెట్టి పలకరించేవాడు. తర్వాత రావడం మానేశారు. కొన్నాళ్లకి వచ్చినప్పుడు తమ్ముడి మణికట్టును అన్న తన చేతికి తువ్వాలుతో కట్టుకుని తీసుకొచ్చాడు. ఎందుకు ఆపేశారయ్యా అంటే, "బాగయిపోనాడు గదా బాబూ అనుకున్నాం. ఒక్కరోజు రావాలంటే ఇద్దరి కూలీ పోతాది" అన్నాడు. అంతే. మూఢనమ్మకమూ కాదు, అశ్రద్ధా కాదు. రెండు రోజుల కూలి.

నువ్వు మీ బెంగళూరు స్నేహితులతో కలిసి స్కూళ్లలో అవగాహన సదస్సులు పెడతానని రాశావు. పెట్టొచ్చు, తప్పులేదు. కానీ ముందు ఆ రెండు రోజుల కూలి ఇవ్వు. లెక్క వేసి చూశాను. మీ నాన్న ఇస్తానన్న ఇరవై లక్షలు బ్యాంకులో వేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకుంటే, ఏడాదికి లక్షా నలభై వేలు. ఇరవై కుటుంబాలకు నెలకి మూడొందల చొప్పున ఇస్తే ఏడాదికి డెబ్బై రెండు వేలవుతుంది. ఆర్టీసీలో ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్ లేదు కాబట్టి తల్లో పెళ్లామో తోడొస్తే ఆ ఛార్జీ మిగులుతుంది, మూడొందలు పోయిన కూలికి కొంతైనా ఆసరా. అందులోనే ఒక పూట భోజనం కూడా. ఇది ఎక్కడా ఫొటోకి పనికొచ్చే ఖర్చు కాదు. అయినా ఆ ఇరవై మందిలో పదిహేనుమంది ఏడాది పొడుగునా బిళ్ల తప్పకుండా వేసుకుంటే, ఆ పదిహేను ఇళ్లలో జరిగే మార్పు నువ్వు కళ్లారా చూస్తావు.

ఆ ఇరవైమందినీ నువ్వు ఎంచకు. డాక్టరును ఎంచమను. శ్రీకాకుళంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, విజయనగరంలో మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. రెండు చోట్లా సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో, ఏ మందులు తరచూ నిండుకుంటాయో నువ్వే స్వయంగా వెళ్లి కనుక్కో. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లనీ కలువు. మరీ తీవ్రంగా ఉన్నవాళ్లని విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి పంపుతారు. ఇచ్ఛాపురం నుంచి అక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే, ఆ ఒక్క ప్రయాణానికి వేరే డబ్బు తీసి పెట్టుకో.

ఇంకో సంగతి. మనవైపు ముందు గాలి సోకిందంటారు, చిల్లంగి పెట్టారంటారు. సీతంపేట కొండల్లో నాటువైద్యం చేసే ఎజ్జోడి దగ్గరికి వెళ్తారు. వాళ్లని తిట్టకు, నవ్వకు. "తాయెత్తు ఉండనీ, బిళ్ల కూడా వేసుకో" అని నేను కిటికీ దగ్గర వందలమందికి చెప్పాను. తాయెత్తు తీసేయమన్నవాళ్ల దగ్గరికి మాత్రం మళ్లీ వచ్చేవాళ్లు కారు.

ఇక బొమ్మల సంగతి. దీని మీద నాకు గట్టి పట్టుదల ఉంది, నువ్వు నొచ్చుకున్నా చెబుతాను.

"మానసిక ఆరోగ్యం అంశంపై చిత్రాలు వేసే యువ కళాకారులకు ప్రోత్సాహకం" అని రాశావు. అమ్మలూ, మన చిన్నోడు తన జబ్బు గురించి ఒక్క బొమ్మయినా వేశాడా? మూతపడ్డ జూట్ మిల్లు గోడలు గీశాడు. తుప్పు పట్టిన షట్టర్లు గీశాడు. గోనె పీచు తీసుకొచ్చి కాన్వాసుకి అంటించి దాని మీద సున్నం పూశాడు. నీ షరతు ప్రకారం వాడి పేరున పెట్టిన ట్రస్టులో వాడికే డబ్బు రాదు. వాడికి కావలసింది ఏమిటో నాకు తెలుసు, ఎందుకంటే నన్నే అడిగేవాడు: రంగులకి డబ్బు, వర్షం పడని ఒక గోడ, పెళ్లిళ్ల ఫ్లెక్సీలు చేయకుండా గడిచే రెండు మూడు నెలలు. నేను రెండుసార్లు ఇచ్చాను. మూడోసారి ఉద్యోగం చూసుకోమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేను కాబట్టి నీకు చెబుతున్నాను.

అంశం ఇవ్వొద్దు. నెలకి ఇంత అని ఇవ్వు. ఇది మన ఊరికి కొత్తేమీ కాదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వయొలిన్ విని ఏకంగా ఆచార్యుడి ఉద్యోగమే ఇచ్చారు. పని చూసి జీతం ఇచ్చిన ఊరు మనది. పై లెక్కలో మిగిలిన డబ్బులో ఎనిమిది వేలు ఆడిటరుకీ కాగితాలకీ పోతే అరవై వేలుంటాయి. ఏడాదికి ఒక్క మనిషికి, నెలకి ఐదు వేలు. నలుగురికి పంచకు. పంచితే ఎవరికీ రంగుల డబ్బు కూడా రాదు. అయ్యకోనేరు ఇంటి ముందు గది, ఉత్తరం కిటికీ ఉన్నది, ఆ మనిషికి తాళం ఇచ్చేయి. ఏం చేస్తున్నావని మధ్యలో వెళ్లి చూడకు.

ఎవరికి ఇవ్వాలో నువ్వూ నేనూ తేల్చవద్దు. వాడి బొమ్మలు కొన్ని ఇప్పటికీ నాకు అర్థం కావు. ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్‌లో చెప్పేవాళ్లనో, మనకు ముఖ పరిచయం లేని ఇద్దరు చిత్రకారులనో అడుగు. కమిటీలో పెద్దవాళ్లు మన జానపద కళలకి, తప్పెటగుళ్లకి ఇద్దాం, జముకుల కథకి ఇద్దాం అంటారు. నాకూ అవి ప్రాణం. అయితే వాటికి పండగనాడైనా పిలిచేవాళ్లున్నారు. పాత ఇనుముతోనో, వీడియోతోనో పనిచేసే కుర్రాడికి శ్రీకాకుళంలో తలుపు తెరిచేవాళ్లు నాకు కనబడలేదు. సవర గోడబొమ్మలో చెట్టు పక్కన సెల్ టవర్ గీసే పిల్ల ఎదురైతే ఆమెనీ ఈ లెక్కలోనే వేసుకో, "గిరిజన కళ" అని వేరే అరలో పెట్టకు.

నీ ప్లాన్లో ఏటా రోగుల చిత్రాల ప్రదర్శన అని ఉంది. అదీ వద్దు. ఎందుకో చెబుతాను, ఇది నేను చేసిన తప్పు.

మా ట్రస్టులో ఆ ఆలోచన నాదే. ఓపీ దగ్గర కూర్చునేవాళ్లకి కాగితాలు, క్రేయాన్లు ఇచ్చాం. పద్దెనిమిది బొమ్మలు ఫ్రేములు కట్టించాను. కింద పేరు, ఊరు నా చేతిరాతతోనే రాశాను, గౌరవం అనుకుని. శృంగవరపుకోట వైపు ఒకావిడ నుయ్యి గీసింది. గిలక ఉంది, బాన ఉంది, తాడు లేదు. అందరూ దాని ముందే ఆగారు. పేపర్లో ఫొటో వచ్చింది, పేరుతో సహా. పది రోజులకి ఆవిడ కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆవిడ మా ఇంటికొచ్చింది. కోప్పడలేదు. గుమ్మంలోనే నిలబడి, "నా పేరెట్టకపోతే బొమ్మ బాగోదా బాబూ?" అని అడిగింది. నేను ఆవిడకి కుర్చీ వేశాను, అంతకుమించి ఏమీ చేయలేకపోయాను.

చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గానీ వివరాలు గానీ ఆ మనిషి ఒప్పుకోకుండా పత్రికలకు ఇవ్వకూడదని పైన చెప్పిన ఆ మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. మేం వేలిముద్ర వేయించుకున్నాం కూడా. క్రేయాన్లు చేతికిచ్చి, మందులిచ్చే మనిషి అడిగితే ఎవరు కాదంటారు? అది ఒప్పుకోలు కాదని నాకు ఆ గుమ్మంలో తెలిసింది. చికిత్సలో ఉన్నవాళ్లు బొమ్మలు వేసుకుంటామంటే కాగితాలివ్వు, బొమ్మ వాళ్ల ఇంటికే పోనీ. వాళ్లలో ఎవరైనా నిజంగా కళాకారులై తమ పేరు వేయమంటే, మిగతా కళాకారుల్లాగే వేయి, బొమ్మకి ధర ఇవ్వు, జబ్బు సంగతి రాయకు.

ఇదే మాట చిన్నోడికీ. ట్రస్టుకి వాడి పేరు పెట్టు, బొమ్మలు వేలాడదీయి, వాడి చిన్నప్పటి ఫొటో పెట్టు. ఎలా వెళ్లిపోయాడో మాత్రం ఏ సభలోనూ, ఏ కరపత్రంలోనూ వివరించకు. అదే బాధలో ఉన్న ఇంకో పిల్లాడు వింటూ ఉంటాడు.

హెల్ప్‌లైన్ నీ నంబరుతో పెడతానన్నావు. వద్దు తల్లీ. వాడు పోయి పది నెలలే అయింది. అర్ధరాత్రి ఎవరో ఫోన్ చేసి బతకాలని లేదంటే నువ్వు వింటున్నది వాడి గొంతే అవుతుంది, నువ్వు తట్టుకోలేవు, అవతలి మనిషికీ మేలు జరగదు. 2022 అక్టోబరు 10 నుంచి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబరు 14416. ఇరవై నాలుగ్గంటలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఆ అంకెలు పెద్దగా అచ్చు వేయించి మందుల షాపుల్లో, బస్టాండుల్లో, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్లలో పంచు. 2018లో తిత్లీ తుఫాను కొబ్బరి తోటల్ని పడగొట్టాక ఆ ఉద్దానం రైతులు మొక్కలు నాటుకుని ఎన్నేళ్లు ఎదురుచూశారో నీకు తెలుసు. ఆ కార్డు వెనక ఇంకో వాక్యం వేయించు: ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చట్టం భావిస్తుంది, శిక్షించదు. పోలీసు కేసు టెన్షన్‌తో ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చినవాళ్లని నేను చాలామందిని చూశాను.

కాగితాల పని గురించి క్లుప్తంగా. ట్రస్టు డీడ్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. ట్రస్టీలు అందరూ మన ఇంటివాళ్లే వద్దు, జబ్బు పడి తేరుకున్న మనిషి ఒకరు, చిత్రకారుడు ఒకరు తప్పక ఉండాలి. పన్ను మినహాయింపుల కోసం ఆడిటర్లు 12ఎ, 80జి అనే రిజిస్ట్రేషన్లు మొదటి ఏడాదే చేయించు. వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆశయాలకే ఖర్చుపెట్టాలి. రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు ఉండదు, అందుకని చెక్కో ఆన్‌లైనో అడుగు. అమెరికా బాబాయి ఇస్తానన్న డబ్బు విషయంలో జాగ్రత్త. ఆయన పాస్‌పోర్టు ఇంకా మనదేశానిదే అయితే తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, హోం శాఖ అనుమతి లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. ముందు అది అడుగు, మొహమాటపడకు.

మిగతా ఏడు పనులూ పక్కన పెట్టు. కథకుడు కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టినప్పుడు పెట్టుకున్నది ఒకటే పని: అచ్చయిన తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చడం. ఆయన వెళ్లిపోయాక కూడా అది నడుస్తోంది. నీకు రెండు పనులున్నాయి, అవే ఎక్కువ.

నిన్న అయ్యకోనేరు ఇంటి తాళం తీశాను. చిన్నోడి కాన్వాసులు నలభై మూడు ఉన్నాయి. గోడకి ఆనించినవాటికి అడుగున చెమ్మ పట్టింది, అన్నిటినీ మంచం మీదికి ఎక్కించి పాత దుప్పటి కప్పాను. గోనె పీచు అంటించినది ఒకటి మాత్రం తడిసి ఒక అంచు ఊడింది. దాన్ని మళ్లీ అంటించాలా, అలాగే ఉంచాలా తెలియక ముట్టుకోలేదు. ఆ పని తెలిసినవాళ్లని ఎవరినైనా కనుక్కుని, వర్షాలు ముదరకముందే తీసుకురా.

మీ మావయ్య