అక్షింతల పురుగు కనబడగానే మందు కొట్టొద్దు

ప్రశ్న: బొబ్బర్లలో ఒక్కోటి ఒక్కో రంగులో చుక్కల పురుగులు తిరుగుతున్నాయి. పక్క మడిలో వంగ ఆకులు జల్లెడలా అయ్యాయి. విదేశీ అక్షింతల పురుగు వచ్చిందని, వెంటనే మందు కొట్టమని డీలర్ అన్నాడు. ఫోటోలు పంపాను. ఏం చేయాలి?

జవాబు: మీ ఫోటోల్లో ఉన్నవి రెండు వేర్వేరు పురుగులు. రెండూ విదేశీవి కావు.

బొబ్బర్ల మీద ఉన్నది పేనుబంకను తినే మిత్రపురుగు. వీపు నున్నగా మెరుస్తోంది, నల్లటి వంకర గీతలున్నాయి. దీని రంగు పసుపు నుంచి ఎరుపు దాకా మారుతుంది. అక్కడ చుక్క మందు కూడా వద్దు. వంగ ఆకు గీకి తిన్నది ఎపిలాక్నా: రాగి రంగు, వీపు మీద సన్నని నూగు, మెరుపు లేదు, చుక్కలు 28 దాకా. రెంటినీ అక్షింతల పురుగనే పిలుస్తాం, పొరపాటు అక్కడే వస్తోంది.

వంగలో ఆకు అడుగున పసుపు గుడ్లు, ముళ్ల పిల్లపురుగులు ఏరేయండి. ఇంకా మిగిలితే 5 శాతం వేప గింజల కషాయం వాడండి. 5 కిలోల గింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్లు చేసి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టాలి.

డీలర్ చెప్పిన విదేశీ పురుగు హార్లెక్విన్ అయి ఉంటుంది. తూర్పు ఆసియా జాతి ఇది. పేనుబంక కోసమని అమెరికా, యూరప్‌లలో తెచ్చి వదిలితే అక్కడి అక్షింతల పురుగుల గుడ్లను, పిల్లల్ని కూడా తినేస్తోంది. 2004లో బ్రిటన్‌లోనూ కనిపించింది. పొడవు 5-8 మి.మీ. నారింజ వీపు మీద చుక్కలు అసలు లేకపోవచ్చు, 21 దాకా ఉండొచ్చు. కొన్ని నల్లగా, రెండు లేదా నాలుగు ఎర్ర మచ్చలతో ఉంటాయి. అందుకే చుక్కలు లెక్కపెట్టి తేల్చకూడదు. తల వెనక తెల్లటి భాగంలో నల్లగా ‘ఎమ్’ ఆకారం, గోధుమ రంగు కాళ్లు, నల్లటి పిల్లపురుగుకు ఇరుపక్కలా నారింజ చారలు, ఇవన్నీ కలిపి చూడాలి.

అనుమానం వస్తే పక్కన స్కేలు పెట్టి పైనుంచి, ముందు నుంచి, కాళ్లు కనిపించేలా ఫోటోలు తీయండి. తేదీ, ఊరు, పంట, 20 మొక్కల్లో ఎన్ని కనిపించాయో రాయండి. రెండు పురుగుల్ని స్పిరిట్‌లో వేసి కీటక శాస్త్రవేత్తకు చూపించండి. ముందే మందు కొడితే గుర్తించడానికి ఏమీ మిగలదు, మిత్రపురుగులు పోయి పేనుబంక రెట్టింపవుతుంది. డీలర్‌కు అమ్మాల్సిన డబ్బా ఉంది కానీ, మీ పురుగును అతను భూతద్దంతో చూడలేదు. వంగలో ఏరివేత ఈ వారమే మొదలుపెట్టండి.